మిర్చి లాట్లతో షెల్ నేర్చుకుందాం: కమాండ్ లైన్ తొలి అడుగులు

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ ఊపందుకుందంటే, నేను లెక్కలు రాసే కమీషన్ కొట్టులో సాయంత్రానికల్లా బల్ల మీద కాటా చీటీల కుప్ప పడేది. ఏ ఊరి సరుకు, ఏ రకం, ఎన్ని టిక్కీలు (అంటే మిర్చి బస్తాలు), క్వింటా ఎంతకు పోయింది, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ తర్వాత యజమాని అడుగుతారు: "ఇవాళ తేజ ఎన్ని లాట్లు వచ్చినయ్? పై ధర ఏ ఊరికి పడింది?" రోజుకో ఫైలు. ఒక్కోటీ మౌసుతో తెరిచి, కళ్లతో వెతికి, కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టేవాణ్ణి. గంట పైనే పట్టేది. షెల్ అలవాటయ్యాక అదే జవాబు ఒక్క వరుస కొడితే వచ్చేసేది.

అందుకే ఈ పాఠం కూడా మిర్చి లాట్లతోనే చెబుతున్నా. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కూతురికి ఇదే వరసలో నేర్పాను. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, నల్ల తెర చూస్తేనే టెన్షన్ పడేది. తను ఎక్కడ ఆగిపోయిందో, ఏది ఒక్కసారికే పట్టుకుందో దగ్గరుండి చూశాను. తను ఆగిన చోట్ల ఇక్కడ కూడా కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

ముందు రెండు మాటలు తెలియాలి. కమాండ్లు కొట్టే కిటికీ పేరు టెర్మినల్. ఆ కిటికీ వెనక ఉండి, మనం కొట్టింది చదివి, పని చేయించి, జవాబు తెచ్చిచ్చే ప్రోగ్రాము పేరు షెల్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలి షెల్‌ను 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశారు. ఇవాళ ఎక్కువ లినక్స్ కంప్యూటర్లలో కనిపించే బ్యాష్‌ను బ్రయాన్ ఫాక్స్ 1989లో విడుదల చేశారు. మనం నేర్చుకునేది బ్యాషే.

ఇంకోటి. కమాండ్లను ఇక్కడ తెలుగులో పలికినట్టే రాస్తున్నా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ‘ఎల్‌ఎస్’ అంటే ఎల్, ఎస్ అనే రెండు అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు. ‘క్యాట్’, ‘సార్ట్’ లాంటివి ఆ ఇంగ్లిష్ మాట స్పెల్లింగే. తేడా ఉన్న చోట విడిగా చెబుతా. ఫైళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో మీకు నచ్చిన స్పెల్లింగ్‌తో రాసుకోండి. ఒకసారి ఎలా రాశారో మళ్లీ అలాగే రాయాలి, అంతే. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

మొదటి పని: షెల్ తెచ్చుకోవడం

ఉబుంటు లాంటి లినక్స్ ఉంటే కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కండి, టెర్మినల్ తెరుచుకుంటుంది. మ్యాక్‌లో టెర్మినల్ అనే యాప్ ముందే ఉంటుంది. అందులో 2019 నుంచి జెడ్‌షెల్ వస్తోంది, ఇక్కడ చెప్పేవి దానిలోనూ నడుస్తాయి.

మనలో ఎక్కువమంది దగ్గర ఉండేది విండోస్. విండోస్ 11 అయినా, అప్‌డేట్లు వేసిన విండోస్ 10 అయినా స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. అందులో ఇది కొట్టండి:

డబ్ల్యూఎస్‌ఎల్ --ఇన్‌స్టాల్

రెండు అడ్డగీతల ముందు ఖాళీ ఉంది, తర్వాత లేదు. విండోస్ లోపలే వాడుకునేలా ఉబుంటు దిగుతుంది. నెట్ బాగానే లాగుతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద కాకుండా ఇంటి వైఫై మీద చేసుకోండి. మెషీన్‌ను రీస్టార్ట్ చేశాక ఓ యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా రావు. మా అమ్మాయి, అదే మా అక్క కూతురు, కీబోర్డు పాడైందనుకుని లేచి వెళ్లబోయింది. మీరు కొట్టింది లోపలికి వెళ్తూనే ఉంటుంది, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకోండి. దాన్ని ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి తీసుకుంటే మంచిది. కీబోర్డు పైన కంట్రోల్, ట్యాబ్, బాణాల కీలు అదనంగా ఇస్తుంది. బస్సులో విజయవాడ వెళ్లొచ్చేలోపు సగం పాఠం సాధన చేసుకోవచ్చు.

ప్రాంప్ట్ చదవడం

తెరవగానే ఇలాంటి వరుస కనిపిస్తుంది, దీన్నే ప్రాంప్ట్ అంటారు:

గుంటూరు@ల్యాప్‌టాప్:~$

@ ముందు ఉన్నది యూజర్ పేరు, తర్వాతది మెషీన్ పేరు. : తర్వాత ఉన్నది మీరు ఇప్పుడు నిలబడ్డ చోటు. ~ అంటే మీ ఇల్లు, అంటే మీ సొంత ఫోల్డరు. చివరి $ గుర్తుకు "చెప్పండి, వింటున్నా" అని అర్థం. పుస్తకాల్లో కమాండ్ ముందు $ కనిపిస్తే దాన్ని కొట్టకూడదు, అది ప్రాంప్టే. $ బదులు # ఉంటే మీరు సర్వాధికారాలున్న రూట్ యూజర్‌గా ఉన్నారని. ప్రస్తుతానికి అక్కడ మనకేం పని లేదు, బయటికి వచ్చేయండి.

ఎక్కడున్నాం, ఏమున్నాయి, ఎటు వెళ్లాలి

షెల్‌లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఒక్కచోటే పుడతాయి: మనం ఒక ఫోల్డర్లో ఉన్నామనుకుంటాం, నిజానికి ఇంకో ఫోల్డర్లో ఉంటాం. అందుకే ముందుగా మూడు కమాండ్లు వేళ్లకు అలవాటు కావాలి.

పీడబ్ల్యూడీ

ఇది మీరున్న చోటు పూర్తి చిరునామా చెబుతుంది. ఎంటర్ నొక్కితే /హోమ్/గుంటూరు అని వస్తుంది.

ఎల్‌ఎస్

ఇది ఈ ఫోల్డర్లో ఏమున్నాయో చూపిస్తుంది. ‘ఎల్‌ఎస్ -ఎల్’ అంటే వివరంగా, సైజు, తేదీతో సహా. ‘ఎల్‌ఎస్ -ఎ’ అంటే చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లతో సహా. కమాండ్ తర్వాత అడ్డగీతతో వచ్చే ఈ అక్షరాల్ని ఆప్షన్లంటారు. కమాండ్‌కూ ఆప్షన్‌కూ మధ్య ఖాళీ మర్చిపోతే మొత్తం ఒకే మాట అనుకుని, అలాంటి కమాండ్ లేదంటుంది.

సీడీ

ఇది వేరే ఫోల్డర్లోకి తీసుకెళ్తుంది. ఇక్కడే మా అమ్మాయి పూర్తిగా ఆగిపోయింది. /హోమ్/గుంటూరు/యార్డ్ అని ఓసారి, ఉత్త ‘యార్డ్’ అని ఓసారి ఎందుకు రాస్తున్నావు మావయ్యా అని అడిగింది.

బ్రాడీపేటలో చిరునామా ఎలా రాస్తాం? 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకైతే గుంటూరు, బ్రాడీపేట, 4/14 అని మొత్తం చెప్పాలి. అదే నాలుగో లైన్లో నిలబడి అడిగేవాళ్లకు "పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే చాలు. షెల్‌లోనూ అంతే. / తో మొదలైన చిరునామా ఊరి మొదటి నుంచి చెప్పినట్టు, మీరెక్కడున్నా అది ఒకే చోటికి తీసుకెళ్తుంది. / లేకుండా మొదలైంది మీరు నిలబడ్డ చోటి నుంచి చెప్పినట్టు. తప్పు లైన్లో నిలబడి పద్నాలుగో అడ్డరోడ్డుకెళ్తే వేరే వాళ్లింటి తలుపు తడతాం. ‘సీడీ యార్డ్’ అని కొట్టినప్పుడు ఆ పేరుతో ఏదీ లేదని షెల్ అంటే కారణం అదే, ముందు పీడబ్ల్యూడీ కొట్టి చూసుకోండి.

రెండు చుక్కలు అంటే ఒక మెట్టు పైకి: ‘సీడీ ..’ కొడితే పై ఫోల్డర్లోకి వస్తారు. ‘సీడీ -’ అంటే ఇంతకుముందున్న చోటికి. ఏమీ రాయకుండా ‘సీడీ’ కొడితే నేరుగా ఇంటికి. దారి తప్పామనిపిస్తే ఇదొక్కటి గుర్తుంటే చాలు.

ఇప్పుడు మన పాఠానికి ఓ ఫోల్డరు చేసుకుందాం. ‘మేక్ డైరెక్టరీ’ని కుదించిన కమాండ్ ఇది, ఎమ్, కె, డి, ఐ, ఆర్ అనే ఐదు అక్షరాలు:

ఎమ్‌కేడిఐఆర్ యార్డ్
సీడీ యార్డ్

మొదటి వరుస కొట్టగానే తెర మీద ఏమీ రాదు, ప్రాంప్ట్ మళ్లీ వస్తుంది. "ఏం రాలేదు మావయ్యా, పాడైపోయిందా?" అని అడిగింది. లేదు. షెల్ మౌనంగా ఉందంటే పని జరిగిపోయిందని. తేడా వస్తేనే నోరు విప్పుతుంది. ఎల్‌ఎస్ కొట్టి చూపించాక నమ్మింది. ఆ అలవాటు మీకూ కావాలి: ఏదైనా చేసిన వెంటనే ఎల్‌ఎస్ కొట్టి మీ కళ్లతో చూసుకోండి.

వేళ్లకు పని తగ్గించే కీలు

చాలా పాఠాల్లో దీన్ని చివర్లో చెబుతారు. నా ఉద్దేశంలో మొదటి రోజే రావాలి. ముందు ఉత్త ‘సీడీ’ కొట్టి ఇంటికి రండి. ఇప్పుడు ‘సీడీ యా’ వరకు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది షెల్ పూర్తి చేస్తుంది. ఎంటర్ కొడితే మళ్లీ యార్డ్‌లోకి వెళ్తారు. ఆ అక్షరాలతో మొదలయ్యేవి రెండు మూడు ఉంటే, ఇంకోసారి నొక్కితే అన్నీ చూపిస్తుంది. ట్యాబ్‌తో శ్రమ తగ్గడం ఒక ఎత్తు, స్పెల్లింగ్ తప్పు పోకపోవడం ఇంకో ఎత్తు. ట్యాబ్ నొక్కినా ఏమీ పూర్తి కాలేదంటే ఆ పేరు అక్కడ లేదనో, తప్పు ఫోల్డర్లో ఉన్నారనో ఎంటర్ నొక్కకముందే తెలిసిపోతుంది.

పై బాణం నొక్కితే పాత కమాండ్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. కంట్రోల్, ఆర్ నొక్కి ఒక ముక్క కొడితే ఆ ముక్క ఉన్న పాత కమాండ్‌ను వెతికి తెస్తుంది. ఏదైనా కమాండ్ ఆగకుండా పోతుంటే కంట్రోల్, సి. కిటికీ మూసేయాల్సిన పని లేదు.

లాట్ల ఫైలు రాసుకోవడం

చిన్న ఎడిటర్ నానో తెరవండి:

నానో లాట్స్

లాట్స్ అనేది మన ఫైలు పేరు. పేర్లలో ఖాళీలు పెట్టకండి, ఖాళీ కనిపిస్తే షెల్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది. తేదీ, ఊరు, రకం, టిక్కీలు, క్వింటా ధర, వీటి మధ్య కామాలు పెట్టి ఈ తొమ్మిది వరుసలు కొట్టండి. కామా తర్వాత ఖాళీ వద్దు. అంకెలు సాధన కోసం నేను వేసుకున్నవే, మార్కెట్ ధరలుగా తీసుకోకండి.

5,వినుకొండ,తేజ,42,14500
5,మాచర్ల,334,30,12800
5,ప్రత్తిపాడు,తేజ,18,14200
6,నరసరావుపేట,బ్యాడిగి,25,13500
6,మాచర్ల,తేజ,36,14600
6,వినుకొండ,334,20,12500
7,ప్రత్తిపాడు,తేజ,51,14900
7,గురజాల,బ్యాడిగి,12,13340
7,సత్తెనపల్లి,334,28,12900

కంట్రోల్, ఓ నొక్కి ఎంటర్ కొడితే సేవ్ అవుతుంది. కంట్రోల్, ఎక్స్ నొక్కితే బయటికి వస్తారు. తెలుగు అక్షరాల్లోనే రాయొచ్చా అంటే రాయొచ్చు, షెల్ వెతికిపెడుతుంది కూడా. కాకపోతే చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. నేర్చుకునే రోజుల్లో ఆ చికాకు ఎందుకు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకోండి.

ఫైల్లో ఏముందో చూడ్డానికి ‘క్యాట్ లాట్స్’. ఫైలు పెద్దదైతే ‘లెస్ లాట్స్’, ఒక్కో తెరా చూపిస్తుంది. ఖాళీ కీ నొక్కితే ముందుకు, క్యూ నొక్కితే బయటికి. ఆ క్యూ సంగతి గుర్తుంచుకోండి, చాలామంది అందులో ఇరుక్కుని కిటికీనే మూసేస్తుంటారు. ‘హెడ్ -ఎన్ 3 లాట్స్’ మొదటి మూడు వరుసలు, ‘టెయిల్ -ఎన్ 3 లాట్స్’ చివరి మూడు.

కాపీ, పేరు మార్పు, తొలగింపు

కాపీకి సీపీ: ‘సీపీ లాట్స్ లాట్స్2’. ముందు ఉన్నది, తర్వాత కావలసింది. జరపడానికీ, పేరు మార్చడానికీ ఒకే కమాండ్, ఎమ్‌వీ. ఈ రెండింటిలోనూ ఒక ప్రమాదం ఉంది. లాట్స్2 అనే ఫైలు ముందే ఉంటే, అడక్కుండా దాని మీద రాసేస్తాయి. ‘సీపీ -ఐ’, ‘ఎమ్‌వీ -ఐ’ అని కొడితే రాసే ముందు అడుగుతాయి. మొదటి ఆరు నెలలు -ఐ లేకుండా వాడొద్దనే చెబుతాను.

తొలగించడానికి ఆర్‌ఎమ్. ఇది కొట్టాక రీసైకిల్ బిన్ ఉండదు. వెనక్కి తెచ్చే కీ ఉండదు. దీని గురించి నాకు జరిగింది చెప్పాలి.

* గుర్తు అంటే ‘ఏ అక్షరాలైనా, ఎన్నైనా’. ‘ఓల్డ్*’ అంటే ఓల్డ్‌తో మొదలయ్యే ఫైళ్లన్నీ. ఓ మార్చి నెల రాత్రి, కొట్టు కట్టేసే ముందు, పాత ఫైళ్లు తీసేద్దామని కూర్చున్నా. నేను కొట్టాల్సింది:

ఆర్‌ఎమ్ ఓల్డ్*

నిద్రమత్తులో కొట్టింది:

ఆర్‌ఎమ్ ఓల్డ్ *

తేడా ఒక్క ఖాళీ. షెల్ దాన్ని ‘ఓల్డ్ అనే ఫైలునూ, ఇక్కడున్న ఫైళ్లన్నిటినీ తీసేయ్’ అని చదివింది. ఓల్డ్ అనే ఫైలు లేదని ఒక్క వరుస మెసేజ్ వచ్చింది. అదేంటి అని ఎల్‌ఎస్ కొట్టాను, ఖాళీ. సంక్రాంతి తర్వాత నుంచి ఎక్కించిన లాట్లన్నీ పోయాయి. బ్యాకప్ లేదు. కాటా చీటీలు గోనెసంచిలో దాచి ఉండబట్టి సరిపోయింది, పదకొండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాను. అయినా అందులో కొన్ని చీటీలు తడిసి అంకెలు అలుక్కుపోయాయి. అవి ఇప్పటికీ ఆ లెక్కల్లో ఖాళీలుగానే ఉన్నాయి.

ఆ రాత్రి నుంచి నేను పాటించే పద్ధతి ఇది, మీరూ మొదటి రోజు నుంచే పట్టుకోండి. ముందు ఆర్‌ఎమ్ బదులు ఎల్‌ఎస్ పెట్టి కొట్టండి:

ఎల్‌ఎస్ ఓల్డ్*

తెర మీద కనిపించేవే పోబోయేవి. వాటిని ఒక్కో పేరూ చదవండి. సరే అనుకున్నాక పై బాణం నొక్కి, అదే వరుస మొదట్లోకి వెళ్లి, ఎల్‌ఎస్ తీసేసి ‘ఆర్‌ఎమ్ -ఐ’ రాయండి. మళ్లీ మొదటి నుంచి కొట్టకండి. మళ్లీ కొడితే మళ్లీ ఖాళీ పడొచ్చు. -ఐ ఉంటే ఒక్కో ఫైలుకూ అడుగుతుంది, వై కొడితేనే తీస్తుంది. ఫోల్డర్లను లోపలి వాటితో సహా తీసేసే ‘ఆర్‌ఎమ్ -ఆర్’, ఏదీ అడక్కుండా తీసేసే -ఎఫ్, ఈ రెంటినీ కలిపి ఎవరైనా కొట్టమని చెబితే, ఎందుకో అర్థమయ్యేదాకా కొట్టకండి.

వెతకడం: గ్రెప్

ఇక మిర్చిలోకి వద్దాం. తేజ లాట్లు ఏవి?

గ్రెప్ తేజ లాట్స్

గ్రెప్ స్పెల్లింగ్ జి, ఆర్, ఇ, పి. యూనిక్స్ పాత ఎడిటర్ ఈడీలో ఒక మాట ఉన్న వరుసల్ని వెతికి అచ్చు వేయమనే ఆదేశం నుంచి ఆ పేరు వచ్చింది. తేజ అన్న మాట ఉన్న నాలుగు వరుసలు వస్తాయి. వరుసలు వద్దు, లెక్క చాలు అంటే ‘గ్రెప్ -సి తేజ లాట్స్’, జవాబు 4. పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడొద్దంటే -ఐ.

ఇప్పుడు 334 రకం ఎన్ని లాట్లో అడగండి:

గ్రెప్ -సి 334 లాట్స్

4 అంటుంది. ఫైల్లో వేలు పెట్టి లెక్కపెట్టండి, 334 మూడే లాట్లు. మా అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టి, కంప్యూటరే తప్పు అంది. -సి తీసేసి ఉత్త గ్రెప్ కొట్టమన్నాను. గురజాల బ్యాడిగి లాటు కూడా వచ్చింది. దాని ధర చూడండి: 13340. అందులో 334 ఉంది కదా. గ్రెప్‌కు రకమేదో, ధరేదో తెలియదు, అక్షరాలు కుదిరితే చాలు. కామాలతో సహా అడగాలి:

గ్రెప్ -సి ',334,' లాట్స్

3. ఇప్పుడు సరిపోయింది. చుట్టూ పెట్టిన ఒంటి కోట్లు ‘లోపల ఉన్నది ఉన్నట్టే తీసుకో’ అని షెల్‌కు చెప్పడానికి. లెక్క తెలుసుకునే ముందు ఒకసారి వరుసలు చూడాలి. చూడకుండా ఆ 4 తీసుకెళ్లి యజమానికి చెప్పామనుకోండి, రేపు పుస్తకంతో తేడా వస్తే మాట పడాల్సింది మనమే.

కమాండ్‌కు కమాండ్ తగిలించడం: పైపు

షెల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. | అనే నిలువు గీత. ఎక్కువ కీబోర్డుల్లో ఎంటర్ పైన, షిఫ్ట్‌తో కలిపి వస్తుంది.

మిర్చి పనిలో ఒకరు తొడిమలు తీస్తారు, ఒకరు తాలు కాయలు ఏరతారు, ఒకరు సంచుల్లోకి ఎత్తుతారు, ఒకరు కాటా వేస్తారు. ఒక్కరే అన్నీ చేయరు. ఒకరి చేతిలోంచి వచ్చింది ఇంకొకరి చేతిలోకి వెళ్తుంది. పైపు అదే పని చేస్తుంది. ఎడమ వైపు కమాండ్ ఇచ్చిన జవాబును తెర మీద వేయకుండా కుడి వైపు కమాండ్‌కు అందిస్తుంది. ప్రోగ్రాములను ఇలా కలపాలన్న ఆలోచన డగ్ మెక్‌ఇల్‌రాయ్‌ది. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టారు.

మన ప్రశ్న: ఏ రకం ఎన్ని లాట్లు వచ్చాయి? మొత్తం ఒకేసారి కొట్టొద్దు. ఒక్కో కమాండ్ తగిలిస్తూ, ప్రతిసారీ ఎంటర్ కొట్టి చూడండి. పై బాణంతో పాత వరుస తెచ్చుకుని చివర కలపండి.

కట్ -డి, -ఎఫ్3 లాట్స్

కామా దగ్గర కోసి మూడో గడి మాత్రమే ఇవ్వమని. తొమ్మిది వరుసల్లో తేజ, 334, తేజ, బ్యాడిగి... ఇలా రకాలు మాత్రమే వస్తాయి.

కట్ -డి, -ఎఫ్3 లాట్స్ | సార్ట్

ఇప్పుడు ఒకే రకంవి ఒకచోట చేరాయి.

కట్ -డి, -ఎఫ్3 లాట్స్ | సార్ట్ | యునీక్ -సి

యునీక్ స్పెల్లింగ్‌లో చివరి యు, ఇ ఉండవు. యు, ఎన్, ఐ, క్యూ, అంతే. ఒకేలాంటి వరుసల్ని కలిపి, -సి ఇస్తే ఎన్నో చెబుతుంది. కానీ పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది. సార్ట్ తీసేసి ఒకసారి కొట్టి చూడండి, తేజ నాలుగు చోట్ల విడివిడిగా ఒకటొకటి అని వస్తుంది. సార్ట్ ఎందుకు ముందు రావాలో అప్పుడు ఇక మర్చిపోరు.

కట్ -డి, -ఎఫ్3 లాట్స్ | సార్ట్ | యునీక్ -సి | సార్ట్ -ఎన్ఆర్

జవాబు:

4 తేజ
3 334
2 బ్యాడిగి

చివరి సార్ట్‌లో -ఎన్ అంటే అంకెలుగా చూడమని, ఆర్ అంటే పెద్దది పైకి. -ఎన్ లేకపోతే అక్షరాల వరసలో చూస్తుంది, 100, 18 ఉంటే 18నే పెద్దదనుకుని పైన పెడుతుంది.

యజమాని రెండో ప్రశ్న, పై ధర ఏ ఊరికి?

సార్ట్ -టి, -కె5 -ఎన్ఆర్ లాట్స్ | హెడ్ -ఎన్ 1

కామా గడులుగా విడగొట్టి, అయిదో గడి మీద పేర్చి, మొదటి వరుస ఇవ్వమని. ప్రత్తిపాడు తేజ, 14900. ఇక్కడ తొమ్మిది వరుసలే కాబట్టి కంటితోనూ దొరుకుతుంది. సీజన్ మొత్తం వరుసలున్న ఫైలు మీద కూడా ఇదే కమాండ్, ఒక్క అక్షరం మారదు.

జవాబును ఫైల్లో దాచుకోవడం

చివర > పెట్టి ఫైలు పేరు రాస్తే జవాబు తెర మీదికి బదులు ఆ ఫైల్లోకి వెళ్తుంది. ఆ ఫైల్లో ముందున్నదంతా పోతుంది. పాతదాని కింద చేర్చాలంటే >> రెండుసార్లు. ఏ ఫైలు నుంచి చదువుతున్నారో అదే ఫైల్లోకి > పెట్టకండి. ‘సార్ట్ లాట్స్ > లాట్స్’ అని కొడితే, సార్ట్ చదవడం మొదలుపెట్టకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. వేరే పేరుతో దాచి, చూసుకుని, అప్పుడు ఎమ్‌వీతో పేరు మార్చండి.

ఎర్రర్ వస్తే

చదవండి. మా అమ్మాయి మొదటి రెండు రోజులు ఎర్రర్ రాగానే చదవకుండా అదే కమాండ్ మళ్లీ కొట్టేది. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటే మొదటి మాట స్పెల్లింగ్ తప్పు, లేదా ఆ ప్రోగ్రాము మెషీన్లో లేదు. ‘నో సచ్ ఫైల్’ అంటే పేరు తప్పు, లేదా మీరున్న చోటు తప్పు, పీడబ్ల్యూడీ, ఎల్‌ఎస్ కొట్టండి. ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఆ ఫైలు మీద మీకు హక్కు లేదు. ఇది రాగానే ముందు సుడో తగిలించమని చాలామంది సలహా ఇస్తారు, అది మొత్తం మెషీన్ తాళాలు చేతిలోకి తీసుకోవడం. మీ సొంత ఫోల్డర్లో సుడో అవసరం పడిందంటే దాదాపుగా ఎక్కడో పొరపాటు జరిగింది, ముందు దాన్ని వెతకండి.

కమాండ్ ఆప్షన్లు గుర్తు లేకపోతే ‘మ్యాన్ సార్ట్’ అని కొట్టండి, పూర్తి వివరం వస్తుంది. బయటికి రావడానికి ఇక్కడా క్యూనే. కొందరికి ఆ పేజీ బరువుగా అనిపిస్తుంది, ‘సార్ట్ --హెల్ప్’ కాస్త తేలిక.

రోజూ చేసే పనిని ఫైల్లో పెట్టడం

రకాల లెక్క కమాండ్ రోజూ కొట్టడం ఎందుకు? నానోలో ‘రోజులెక్క’ అనే ఫైలు తెరిచి ఈ ఒక్క వరుస రాయండి:

కట్ -డి, -ఎఫ్3 "$1" | సార్ట్ | యునీక్ -సి | సార్ట్ -ఎన్ఆర్

$1 అంటే నడిపేటప్పుడు మీరిచ్చే మొదటి పేరు. సేవ్ చేసి, ఇలా నడపండి:

బ్యాష్ రోజులెక్క లాట్స్

ముందటి జవాబే వస్తే స్క్రిప్టు, అంటే ఈ కమాండ్ల ఫైలు, సరిగ్గా రాసినట్టు. రేపు ఇంకో ఫైలైతే చివరి పేరు మార్చితే చాలు.

మా అమ్మాయి సొంతంగా ఎనభై వరుసల ఫైలు ఒకటి కొట్టుకుని దాని మీద దీన్ని నడిపింది. పైన తేజ 37 అని వచ్చింది. అట్టడుగున 1 తేజా అని ఇంకో వరుస. ఒకచోట దీర్ఘం పడింది. ఎవరూ చెప్పకుండానే ‘గ్రెప్ -ఎన్ తేజా’ అని, చివర తన ఫైలు పేరు పెట్టి కొట్టింది, -ఎన్ వరుస నంబరు ఇస్తుంది కాబట్టి 52 అని వచ్చింది. నానోలో 52వ వరుస సరిచేసి, సేవ్ చేసి, పై బాణం మూడుసార్లు నొక్కి స్క్రిప్టు మళ్లీ నడిపింది. తేజ 38 అయింది.